టోపీ పేరు

టోపీలమ్మకి రాయడం వచ్చిన మాట ఒక్కటే. అది తన అసలు పేరు. అదీ కాగితం మీద కాదు, గుడ్డ మీద, సూదీ దారంతో.

బనీన్ల మిల్లులో చేరిన కొత్తలో ఆమె హాజరు పుస్తకంలో వేలిముద్ర వేస్తుంటే మేస్త్రీ ముసిముసిగా నవ్వేవాడు. పక్క మిషను మీద కూర్చునే ఆవిడకి అది చూసి ఒళ్ళు మండి, భోజనాల వేళ పలకా బలపం పట్టుకొచ్చింది. ఏం లాభం? బలపం టోపీలమ్మ వేళ్ళ సందున చేపపిల్లలా జారిపోయేది. "సూది ఇస్తే తప్ప నీ చేతికి చదువు ఎక్కదే" అని ఆవిడే ఓ చిరుగు బనీను మీద పేరు గీసి, దాని మీద కుట్టించింది. వారం తిరిగేసరికి టోపీలమ్మ కళ్ళు మూసుకుని కూడా తన పేరు కుట్టేసేది. హాజరు పుస్తకంలో వేలిముద్ర మాత్రం వేలిముద్రగానే ఉండిపోయింది, ఎందుకంటే పుస్తకాన్ని కుట్టనివ్వరు కదా. మిగతా అక్షరాల జోలికి ఆమె పోలేదు. "నా పేరు నాకు చాలు. ఊళ్ళోవాళ్ళ పేర్లన్నీ నాకెందుకు?" అనేది. ఊళ్ళో పేర్లన్నీ తన పేరే కాబోతున్నాయని అప్పుడామెకేం తెలుసు!

ఆ ఏడు వాన పట్టుకుని వదల్లేదు. మిల్లు వెనక వీధిలో కప్పలకి కూడా జలుబు చేసిందని చెప్పుకుంటారు. సరిగ్గా అప్పుడే పక్కింటావిడ ఆడపిల్లని కన్నది. కండెల చివర మిగిలిన నూలు ఏరుకొచ్చి, టోపీలమ్మ పసిగుడ్డుకి టోపీ అల్లింది. అల్లాక బోసిగా కనబడింది. ఎర్ర దారం తీసి, అంచు మీద తనకొచ్చిన అక్షరాలే కుట్టింది. అందానికి, అంతే.

పక్కింటావిడ పిల్లనెత్తుకుని పుట్టిన తేదీ రాయించడానికి ఆఫీసుకి పోయింది. గుమాస్తా తలెత్తకుండా "పేరు?" అన్నాడు. ఇంకా ఏ పేరూ అనుకోలేదు మరి, ఆవిడ నీళ్ళు నమిలింది. వెనక వరస పెరుగుతోంది. గుమాస్తా కళ్ళజోడు సవరించుకుని, పిల్ల నెత్తి మీద టోపీ చదివి రాసేసుకుని, "తరవాతెవరు?" అన్నాడు.

అదీ మొదలు. రెండో పిల్లకి టోపీ ఇచ్చేటప్పుడు టోపీలమ్మ చెప్పింది కూడా: "ఇది నా పేరే తల్లీ, మీరు వేరేది పెట్టుకోండి."

"కుట్టిన టోపీ దండగ చేస్తామా?" అన్నారు వాళ్ళు. మూడో ఇంటివాళ్ళకి పక్కవాళ్ళని చూసి పంతం. నాలుగో ఇంటివాళ్ళకి ఆలోచించే ఓపిక లేదు. "పుట్టీ పుట్టగానే మా పిల్లకి టోపీ పెట్టింది మహాతల్లి" అని ఐదో పిల్ల తండ్రి ఎగతాళి చేశాడు, చేస్తూనే ఆ పేరే పెట్టుకున్నాడు. పన్నెండేళ్ళు గడిచేసరికి నలభై గడపల వీధిలో పదకొండు మంది ఆడపిల్లలది ఒకే పేరు. అందరూ దాన్ని టోపీ పేరు అనడం మొదలుపెట్టారు. అసలది ఎవరిదన్న సంగతి మెల్లగా మరుగున పడింది.

వీధిలో ఆ పేరు పెట్టి కేకేస్తే పదకొండు కిటికీలు తెరుచుకునేవి. బళ్ళో టీచరు పిలిస్తే ఆరుగురు లేచేవారు, జ్వరంతో ఇంట్లో పడుకున్న ఏడోది దుప్పట్లోంచే "హాజరు" అనేదట. అబద్ధమైతే చెప్పినవాళ్ళదే పాపం. ఇలా కాదని అందరికీ ముద్దుపేర్లు పెట్టారు: పొట్టి, పొడుగు, కళ్ళజోడు, మేడమీది, తుమ్ములు... అందరిదీ అయిన పేరు ఎవరి నోటా పలకకుండా పోయింది. ఆ పదకొండు మందీ తల్లులయ్యాక "మేం పడ్డది చాలు" అని తమ పిల్లలకి వేరే పేర్లు పెట్టుకున్నారు. టోపీలు మాత్రం తీసుకునేవారు. తీసుకుని, అక్షరాలు కనబడకుండా అంచు లోపలికి మడిచేవారు. టోపీలమ్మ అది చూసీ చూడనట్టుండేది.

ఇప్పుడామెకి ఎనభై ఒకటి. మొగుడు బతికున్నన్నాళ్ళూ "ఏమే" అనే పిలిచాడు. మిల్లులో ఆరో మిషను. వీధికి టోపీలమ్మ. ఇంతమందికి పేరు పంచిన మనిషిని ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. ఆమెకి మిగిలిన కోరిక ఒక్కటే. పోయేలోగా ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఎవరి నోటనైనా ఆ పేరు మళ్ళీ వినాలి. తననే పిలవక్కర్లేదు. చెవిన పడితే చాలు.

అందుకే ఇస్త్రీ కొట్టు పొట్టి కూతురికి ఆడపిల్ల పుట్టిందని వినగానే, మోకాళ్ళు గొణుగుతున్నా వినిపించుకోకుండా కొత్త టోపీతో బయల్దేరింది.

"ఎంత మెత్తగా ఉందో అమ్మమ్మా!" అని పొట్టి కూతురు టోపీని బుగ్గకి ఆనించుకుంది. తరవాత అలవాటుగా అంచు మడిచేసింది.

"పేరేమనుకున్నారే?" అంది టోపీలమ్మ, గొంతు మామూలుగా పెట్టి.

"ఫోన్లో వెతికి పెట్టాం. ఎక్కడా ఎవరికీ ఉండదు. అర్థం వెలుగో వెన్నెలో, ఏదో మంచిదే."

పొట్టి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వచ్చింది. "ఏమీ అనుకోకు పిన్నీ. ఆ టోపీ పేరు పుణ్యమా అని యాభై ఏళ్ళుగా పొట్టీ అనిపించుకుంటున్నా. నా మనవరాలికెందుకా ఖర్మ?"

"నిన్ను పొట్టీ అన్నది పేరు వల్ల కాదే, నీ ఎత్తు వల్ల" అంది టోపీలమ్మ. ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే ఆమె ఇంటికొచ్చింది. వచ్చాక నవ్వు రాలేదు.

ఆ సాయంత్రమంతా ఎర్ర దారం ఉండ చేతిలో తిప్పుతూ కూర్చుంది. ఇన్నేళ్ళూ ఊరందరి నెత్తినా నా పేరే రుద్దాను, పిల్ల టోపీ మీద పిల్ల పేరుండాలి గానీ నాదెందుకు అనుకుంది. అనుకోవడం తేలికే, మింగుడుపడటమే కష్టమైంది. తెల్లారాక మళ్ళీ పొట్టి ఇంటికి పోయింది.

"ఆ ఫోను పేరు కాగితం మీద పెద్దగా రాసివ్వవే."

"ఎందుకమ్మమ్మా?"

"నేర్చుకుంటాను."

"ఈ వయసులోనా!"

"కాటికి కాళ్ళు చాచుకున్నాను గానీ, చేతులింకా ఇక్కడే ఉన్నాయి కదే."

తొమ్మిది రోజులు పట్టింది. ఒక అక్షరం నత్తలా ముడుచుకుంది. ఇంకోటి తలకట్టు పోగొట్టుకుని బోడిగుండుతో నిలబడింది. కుట్టింది, విప్పింది, సూదినీ ఫోన్లు కనిపెట్టినవాణ్ణీ కలిపి తిట్టింది. పదో రోజున టోపీ అందుకున్న పొట్టి కూతురు దాని అంచు మడవలేదు.

నెలన్నర తరవాత టీకాల రోజు వచ్చింది. పొట్టికి కొట్టు వదిలే వీల్లేక, కూతురికి తోడుగా టోపీలమ్మ వెళ్ళింది. పొడుగాటి హాలు, బల్లల నిండా తల్లులు, ఒకళ్ళు మొదలుపెడితే అందరూ అందుకునే ఏడుపులు. నర్సు కార్డుల కట్టతో వచ్చి ఫోను పేరు పిలిచింది.

ఏడుగురు తల్లులు లేచారు.

"ఒక్కరే రండమ్మా, ఇదేమన్నా బస్సా!" అంది నర్సు. ఎవరి కార్డేదో తేలడానికి సగం పూట పట్టింది. చివరికి వీళ్ళ పిల్లకి సూది పడింది, ఏడ్చింది, ఊరుకుంది. ఇంతలో రెండో నర్సు అదే పేరు పిలుస్తూ వచ్చి, పిల్లనందుకుని మళ్ళీ తొడ తుడవబోయింది.

టోపీలమ్మ చేతికర్ర అడ్డం పెట్టింది. "ఆగవమ్మా! ఇందాకే పొడిచారు దీన్ని. పసిగుడ్డుని జల్లెడ చేస్తారా ఏంటి?"

నర్సు నాలిక్కరుచుకుని వెళ్ళిపోయింది. పొట్టి కూతురు పిల్లని గుండెకి హత్తుకుంది.

"ఎవరికీ లేని పేరనుకున్నా అమ్మమ్మా."

"మేమూ మొదట్లో అలాగే అనుకున్నాం."

"అవునూ, ఆ టోపీ పేరు ఇంతకీ ఎవరిది? ఎక్కడ దొరికింది నీకు?"

టోపీలమ్మ కర్ర కొనతో నేల మీద ఏదో గీసింది. "దొరకడమేంటే. నాదే. నా పేరే అది. నాకొచ్చింది అదొక్కటే, అదే కుడుతూ పోయాను."

తొమ్మిది రోజులూ సూది గుచ్చుకుని గట్టిపడ్డ ఆ వేళ్ళకేసే చూస్తూ కూర్చుంది పొట్టి కూతురు. తరవాత లేచి, నర్సు బల్ల దగ్గరికి నడిచింది.

"కార్డులో పేరు మార్చొచ్చాండీ?"

"మూడు నెలల దాకా పెన్సిలే. ఏం రాయమంటారు?"

పొట్టి కూతురు సంచిలోంచి పాత టోపీ తీసింది. మడిచిన అంచు విప్పి బల్ల మీద పరిచింది. నర్సు కళ్ళజోడు సవరించుకుని, టోపీ చదివి రాసుకుంది. "ఈ మధ్యెక్కడా వినలేదే ఈ పేరు. బావుంది" అంది.

కొత్త టోపీ సంగతంటారా? దానికోసం తక్కిన ఆరుగురు తల్లులూ టోపీలమ్మని చుట్టేశారు. దాన్ని ఒకళ్ళకిచ్చి, ఇంకో ఐదు కుట్టిపెడతానని మాటిచ్చాకే వదిలారు. వచ్చిన చదువు ఊరికే పోలేదు.

ఇక వెళ్ళిపోదామని సర్దుకుంటుంటే నర్సు దిద్దిన కార్డు పైకెత్తి, హాలంతా మారుమోగేలా పేరు పిలిచింది.

టోపీలమ్మ పాత అలవాటుకొద్దీ చుట్టూ చూసింది. పదకొండు కాదు కదా, ఒక్క తల కూడా తిరగలేదు. పిల్లనెత్తుకుని పొట్టి కూతురు ఒక్కతే ముందుకి నడుస్తోంది. అప్పుడు తెలిసింది ఆమెకి, తనూ లేచి నిలబడి ఉందని, "ఆఁ, వస్తున్నా!" అని గట్టిగా అనేసిందని.

"మీరెవరు బామ్మగారూ?" అంది నర్సు.

"నేనూ అదేనమ్మా."

నర్సు తల పట్టుకుంది. "దేవుడా! అప్పుడే ఇద్దరా!"