తోకలు గీసిన చేయి

మూతబడిన సినిమాహాలు నుంచి వచ్చిన డబ్బాల్లో చివరిది ఓ పట్టాన తెరుచుకోలేదు. స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తితే ఘాటు వాసన గుప్పుమంది. పాత ఫిల్ములు బాగుచేసే ఆమెకు ఆ వాసన అలవాటే. నిప్పురవ్వ తగిలితే భగ్గుమనే రకం ఫిల్ము అది. అలాంటివి చెడిపోతే ఊరి బయట కాల్చేయడానికి ఫైరింజన్ వాళ్ళ బండి మూడింటికి వస్తుంది. ఏది పంపాలో, ఏది దాచాలో తేల్చేది ఆమే.

కింద లైటున్న గాజుబల్ల మీద ఫిల్మును చేత్తో మెల్లగా జరుపుతూ భూతద్దంలోంచి చూసింది. బొమ్మల సినిమా. నదిలో పడవల మీద బతికే జనం. అందరికీ ఎలుక తోకలు, కోరపళ్ళు. ఊళ్ళో పిల్లల్ని మూటగట్టి ఎత్తుకుపోతారు. చివర్లో ఊరివాళ్ళు పడవలకు నిప్పంటిస్తే తోకలు కాలి గెంతుతారు. ఒడ్డున జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు.

ఈ సినిమా ఆడిన వారానికే నిజం పడవలు తగలబడ్డాయని, ఆనక కాపీలన్నీ నాశనం చేయించారని ఆమె చదివింది. ఒక్కటైనా దొరకదా అని ఎందరో కాళ్ళరిగేలా తిరిగారు; దొరక్కపోయేసరికి అసలా సినిమానే లేదన్నారు చాలామంది. గీసిందెవరో ఎవరికీ తెలీదు.

ఆమెకు మాత్రం తెలిసిపోయింది. పడవవాడి చేతికి నాలుగే వేళ్ళు, చిటికెనవేలు కొక్కెంలా వంగి ఉంది. ఆమె కూతురి నోటుపుస్తకాల అట్టల మీద ప్రతి కోతికీ, కుందేలుకీ అదే చెయ్యి. అవన్నీ గీసిపెట్టింది ఆమె మామగారు.

రెండున్నర దాటింది. డబ్బా మూసి, కాల్చాల్సిన వాటి పెట్టెలో పడేసింది. చెడిపోయిందంటే ఎవరడుగుతారు?

"చివరిదాంట్లో ఏముందక్కా?"

కాపీలు తీసే ఆపరేటర్. పడవలవాళ్ళ ఇంట్లో పుట్టినవాడు కాబట్టి ఆఫీసంతా సరంగు అంటారు. జోకెయ్యందే పూట గడవదతనికి.

"ఏంలేదు. పాడైపోయింది."

"పాడైపోయినదానికి నీకెందుకు చెమటలు పట్టాయి?"

ఇంకో అబద్ధం ఆడబుద్ధి కాలేదు. డబ్బా పెట్టెలోంచి తీసి, ఫిల్ము బల్ల మీద పరిచి పక్కకు జరిగింది. అతను వంగి చూశాడు. తోకల దగ్గర ఆగాడు.

"మా నాయనమ్మ ఇది చూసింది," అన్నాడు. "హాల్లో పక్కవాళ్ళు తోకుందేమోనని ఆవిడ వెనకవైపు తొంగిచూశారట. చచ్చేదాకా చెప్పింది. మతిపోయి వాగుతోంది, అలాంటి సినిమానే లేదన్నారందరూ. నేనూ అన్నాను."

"సరంగూ, ఇది గీసింది మా మామగారు."

అతని దవడ బిగుసుకుంది. తనను కొడతాడేమో అనిపించిందామెకు.

"కాల్చకు," అన్నాడు. "కాలిస్తే మా నాయనమ్మ పిచ్చిదిగానే మిగిలిపోతుంది."

ఆమె ఇల్లు రెండు వీధుల అవతలే. ఫోన్ చేస్తే పావుగంటలో కర్ర తాటించుకుంటూ వచ్చాడు ముసలాయన. బల్ల మీదికి ఒక్కసారి చూశాడంతే, కుర్చీ వెతుక్కున్నాడు.

"మామయ్యా, మీరేనా?"

"నేనేనమ్మా. పంతొమ్మిదేళ్ళప్పుడు. తోకలు పెట్టమన్నది సినిమా తీసిన మా యజమాని." కాస్త ఆగాడు. "కోరలు నా సొంతం. జనం బాగా నవ్వుతారనుకున్నాను."

"మా నాయనమ్మ చెల్లెలు ఆ పడవల్లో కాలిపోయింది," అన్నాడు సరంగు.

"ఎన్నేళ్ళు ఆ పిల్లకి?"

"ఏడు."

ముసలాయన మనవరాలికీ ఏడే. ఆయన చేతులు ఒళ్ళో దాచుకున్నాడు.

బయట బండి హారన్ మోగింది. ఆమె ఫిల్ము వైపు చూసింది. "మామయ్యా, ఇది ఉంచితే రేపు ఊరంతా తెలుస్తుంది. పాపకి కూడా."

"దానికి నేనే చెబుతా. ఇంకొకరి నోట విననివ్వను." బల్ల మీదున్న ఫిల్ముల రిజిస్టరు తన వైపు లాక్కున్నాడు. గీసినవారు అన్న గడిలో తన పేరు రాశాడు.

మిగతా డబ్బాలతో బండి వెళ్ళిపోయింది. సరంగు చేతితొడుగులు వేసుకుని ఫిల్ము తుడవడం మొదలుపెట్టాడు.

"నేనిక వెళ్ళనా బాబూ?"

"కూర్చోండి," అన్నాడు సరంగు తలెత్తకుండా. "నాలుగైదు చోట్ల తెగిపోయింది. ఏ ముక్క తర్వాత ఏది వస్తుందో మీరే చెప్పాలి."

ముసలాయన కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.