వేట లేని కుక్కలు

గుండిగలో ఉడుకుతున్న ఎముకల జావను తెడ్డుతో అడుగంటా కలిపి, ఆయన మోకాలు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాడు. ఇనుప జాలీ వెనక వేటకుక్కలు ఆకలికి మూలుగుతున్నాయి. వేట సంఘం వారి కుక్కలశాలలో ఆయన జీవితమంతా ఇదే పని. వండటం, కడగటం, వేట రోజున గుర్రాల వెనక పరుగెత్తి కుక్కల నోట్లోంచి కుందేలును విడిపించటం. ఊళ్ళో అందరూ ‘కుక్కలాయన’ అని పిలిచీ పిలిచీ అదే పేరైపోయింది.

చలికాలంలో చట్టం వచ్చింది. కుక్కలతో వేటాడకూడదన్నారు. గుర్రాల మీద వచ్చే పెద్దమనుషులు మళ్ళీ ఇటు తొంగిచూడలేదు. కుక్కలకు మాత్రం ఆ సంగతి ఎవరు చెబుతారు? ఎప్పుడూ వేటకెళ్ళే సెలవు రోజు వేకువన లేచి తలుపు గీకేవి. ఆయన కసిరేవాడు. కాసేపయ్యాక తనే వెళ్ళి చెవులు నిమిరేవాడు.

ఇవాళ వాటిని తీసుకెళ్ళడానికి జంతువుల ఆశ్రమం బండి వచ్చింది. నడిపేది ఆయన కూతురే. ఈ చట్టం కావాలని వానలో నినాదం రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడ్డవాళ్ళలో ఆమె కూడా ఉంది. అప్పటినుంచి తండ్రీకూతుళ్ళ మధ్య మాటలు పొడిపొడిగానే నడుస్తున్నాయి.

“ఇప్పుడు తిండెందుకు నాన్నా? బండిలో కక్కుకుంటాయి.”

“ఖాళీ కడుపుతో ఎలా పంపను?”

ఆమె తనూ ఒక గరిటె అందుకుంది.

తిన్నాక ఒక్కొక్కటే బండెక్కాయి. వేటకే అనుకున్నాయేమో, ఎగిరి దూకాయి. పళ్ళూడిన ముసలి కుక్క బోసి మాత్రం గడ్డిలోంచి లేవలేదు. కూతురు దాని పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది.

“ఇది ప్రయాణానికి తట్టుకోదు నాన్నా.”

“తెలుసు,” అంటూ ఆయన గోడకు చేరగిలబడి దాని తల ఒళ్ళోకి తీసుకున్నాడు.

ఆమె పక్కనే కూర్చుంది. “నా మీద కోపంగా ఉందా?”

“కోపమెందుకమ్మా. కుందేలు అరుపు నేనూ విన్నాగా. అచ్చం పసిపిల్ల ఏడ్చినట్టే ఉంటుంది.”

“మరి ఇన్నేళ్ళూ ఎందుకు చేశావు?”

ఆయన బోసి నుదురు రాశాడు. “మానేస్తే వీటిని ఎవరు చూస్తారు అనుకున్నా. తర్వాత అనుకోవడం కూడా మానేశా.”

ఎండ గోడ దిగుతుండగా బోసి ఊపిరి ఎప్పుడు ఆగిందో ఇద్దరికీ తెలియలేదు. చెయ్యి కింద చెవి చల్లబడ్డాక గాని ఆయన గమనించలేదు.

పెరట్లో గొయ్యి ఆయనే మొదలుపెట్టాడు. మోకాలు సహకరించకపోతే గడ్డపార కూతురు అందుకుంది. మట్టి కప్పాక, చేతులు కూడా కడుక్కోకుండా, “నువ్వూ రా నాన్నా. అక్కడ వీటికి నీ గొంతు కావాలి,” అంది. అడిగినట్టు లేదు, బతిమాలినట్టుంది.

ఆయన వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక కుక్కలు ఆయన వాసన పట్టి సద్దుమణిగాయి. బండి కదిలింది.

ఏ పనిముట్టునూ కడగకుండా వదలని మనిషి. ఖాళీ పెరట్లో గడ్డపార మాత్రం, తడిమట్టి అంటుకుని, దిగేసిన చోటే నిలబడి ఉంది.