చెంబెడు నీళ్లు

"ఈ ఒక్కసారే. మళ్లీ దిమ్మ విరిగితే మన యార్డులో ఎప్పట్లాగే సిమెంటు పోద్దాం. నీ బూడిద గోల ఇక చాలు" అన్నాడు మా ఆయన. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అందుకే ఆ మాట గుచ్చుకుంది.

బొగ్గు బూడిద, ఇనుము కరిగించగా మిగిలిన స్లాగు పొడి, రెండింటినీ పట్టి ఉంచే క్షార ద్రావణం. వీటితో సిమెంటు లేకుండా ఫుట్‌పాత్ దిమ్మలు పోసి తీరాలని నా పంతం. జియోపాలిమర్ కాంక్రీటంటే అదే. మామగారు మాత్రం "బూడిదలో పోసిన పన్నీరు" అని ఏడిపించేవారు. జన్మంతా తాపీ పట్టిన మనిషి. ఏడిపిస్తూనే నాకంటే ముందు యార్డుకు వచ్చేవారు. నేను గదిలో తూకాలు వేస్తుంటే మిక్సరు ఆయనే చూసుకునేవారు.

మొదట బూడిద ఎక్కువ వేశాను, దిమ్మ గట్టిపడలేదు. స్లాగు పెంచాను, కాస్త నయం. ఆ పాళ్లతోనే ఒక దిమ్మ రాయిలా నిలిచింది. మర్నాడు అవే పాళ్లు, అదే తూకం, దిమ్మ మాత్రం బిస్కెట్టులా విరిగింది. బూడిద అమ్మినవాణ్ణి తిట్టాను, తూకం యంత్రాన్ని తిట్టాను.

అసలా ఒక్క దిమ్మ ఎలా నిలిచింది? ఆ రోజు మామగారికి జ్వరం. మిక్సరు దగ్గర నేనొక్కదాన్నే. మిశ్రమం బంకలా డ్రమ్ముకు పట్టేసి, గీకి తిప్పే పార ఆడక చేతులు పడిపోయాయి.

అందుకే ఈసారి తూకం కాగానే వెళ్లి మిక్సరు పక్కన నిలబడ్డాను. మిశ్రమం బిగుసుకోగానే మామగారు ఏ దాపరికమూ లేకుండా చెంబెడు నీళ్లు వంచేశారు.

"ఏంటి మావయ్యా అది?"

"గట్టిగా ఉందిగా. పార లాగి లాగి నీ చేతులు నొప్పెడతాయని."

కోపం నెత్తికెక్కింది. కళ్లలో నీళ్లూ తిరిగాయి.

"నీళ్లెక్కువైతే బలం పోతుందని కూలీలను తిట్టేది మీరే కదా?"

"తిట్టేవాణ్ణి. పోసేవాణ్ణి కూడా."

"ద్రావణం పలచబడితే బూడిదను ఇంకేం పట్టి ఉంచుతుంది?"

ఆయన చెంబు కింద పెట్టారు. "అయితే నీ దిమ్మలు విరగ్గొట్టింది నేనా?"

"అవును" అన్నాను. అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

ఆయన మిశ్రమమంతా బయట పారబోసి, డ్రమ్ము కడిగి తుడిచారు. చేతి తొడుగులు వేసుకున్నారు. "మళ్లీ తూచి తే. నేనే కలుపుతా."

తెచ్చాను. పార ఆడడం లేదు. ఆయన చొక్కా తడిసిపోయింది. తొడుగులు తీసి చెంబు అందుకున్నారు. మళ్లీ పోసేస్తారనుకున్నాను. ఆయన నా వంక చూసి, చెంబెత్తి గటగటా తాగేసి, మళ్లీ పార పట్టుకున్నారు.

దిమ్మలు గట్టిపడ్డాక ముగ్గురం బలం పరీక్షకు తీసుకెళ్లాం. యంత్రం ముల్లు మాకు కావలసిన గీత దాటింది. దాటాక కూడా దిమ్మ విరగకుండా ఇంకా బరువు మోస్తూనే ఉంది.

"బూడిద లారీకి చెప్పనా?" అన్నాడు మా ఆయన, నా వంక చూడకుండా.

"చెప్పు" అన్నారు మామగారు. "ఆ చెంబు మాత్రం రేపట్నుంచి ఇంట్లో పెట్టండి."