నలభై మూడో ప్రశ్న

ఆదివారం పూట హాయిగా ఇంట్లో పడుకోవాల్సినదాన్ని, బడిపిల్లలా చంకలో పుస్తకం పెట్టుకుని క్లాసుకు వెళ్లడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. ఇరవై మూడేళ్లుగా ట్రయల్ కోర్టుల్లో సాక్షులను క్రాస్ ఎగ్జామిన్ చేస్తున్నదాన్ని, నాకింకా నేర్పేదేముంది? కానీ ఏడాదికి పన్నెండు గంటలు శిక్షణలో కూర్చోకపోతే లైసెన్సు పొడిగించరట. వకీళ్ల సంఘం కొత్త నియమం. పళ్లు నూరుకుంటూ వెళ్లాను.

నా మనసంతా మర్నాటి కేసు మీద ఉంది. ఆరంతస్తుల భవనంలో నాలుగో అంతస్తు లిఫ్టు తలుపు, లోపల లిఫ్టు లేకుండానే తెరుచుకుంది. ఒక రిటైర్డు టీచరమ్మ అలవాటుగా అడుగు లోపలికి వేసి, కిందపడి చనిపోయింది. అంతకు మూడు రోజుల ముందే నా క్లయింటైన మెకానిక్ ఆ లిఫ్టు చూసి, సర్వీసు షీటు మీద సంతకం పెట్టి వెళ్లాడు. షీటులో ఎనిమిది గళ్లు, ఎనిమిదింటికీ టిక్కులు. 'తలుపు తాళం బాగుంది' అన్న గడిలో కూడా.

"తాళం అరిగిపోయింది, కొత్తది వచ్చేదాకా లిఫ్టు ఆపెయ్యమని భవనం మేనేజరుకు చెప్పాను మేడమ్. ఆ టిక్కులు నేను పెట్టలేదు" అంటాడు మెకానిక్. అన్నీ బాగున్నాయని అతనే టిక్కులు పెట్టిచ్చాడని మేనేజరు అంటాడు. మూడో మనిషి లేడు. మేనేజరు మాట నిలిస్తే మెకానిక్‌కు అయిదేళ్లు జైలు, పైగా ఒక ముసలామెను చంపినవాడన్న మచ్చ. సోమవారం నేను క్రాస్ చెయ్యాల్సింది ఆ మేనేజరునే.

శిక్షణ హాల్లో పొద్దున ఒకమ్మాయి వచ్చి కొత్త సాఫ్ట్‌వేరు చూపించింది. దాన్ని నెల క్రితమే మాకందరికీ ఉచితంగా ఇచ్చారు. కేసు కాగితాలన్నీ స్కాన్ చేసి పెడితే, మాట కొట్టగానే పేజీ చూపిస్తుంది, పాత తీర్పులు వెతికి పెడుతుంది. "మడతలు, మరకలు, పిన్నుల గుర్తులు అన్నీ తీసేసి పేజీని అద్దంలా చేస్తుంది సార్" అంది. నేను గర్వంగా తలాడించాను. లిఫ్టు కేసు నాలుగు వందల పేజీలూ అప్పటికే అందులో ఎక్కించేశాను మరి. ఈ వయసులో నా అంతట నేనే.

మధ్యాహ్నం క్లాసు మేమంతా చాటుగా 'రూళ్లకర్ర' అని పిలుచుకునే సీనియర్ వకీలుది. మనిషీ నిటారే, మాటా నిటారే. వస్తూనే తలా ఒక కాగితం పంచాడు. ఏదో పాత కేసులో జరిగిన క్రాస్, పేర్లు కొట్టేసి ఉన్నాయి. మూడో వరుస దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాను.

ఆ ప్రశ్నలు నావి. పదకొండేళ్ల క్రితం నేను అడిగినవి.

"మేడమ్, మీరు వకీలుగా చదవండి" అన్నాడు రూళ్లకర్ర, సరిగ్గా నా వైపే వేలు చూపించి. అవి నావని తెలిసి అన్నాడో తెలియక అన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. పక్క కుర్చీలో కుర్రవకీలు సాక్షి జవాబులు చదివాడు.

"ముప్పై తొమ్మిదో ప్రశ్న. ఆ రోజు సందులో వీధిదీపం వెలగడం లేదు, అవునా?"

"అవును."

"నలభై. ఆ మనిషి మీకు అరవై అడుగుల దూరంలో ఉన్నాడు?"

"ఉండొచ్చు."

"నలభై ఒకటి. మీరు అతని మొహం చూడలేదు?"

"చూడలేదు."

అక్కడ కూర్చోవాల్సింది. బట్టలకొట్టు తగలబెట్టాడన్న నేరం మోపిన ఆ దర్జీ అక్కడితో బయటపడేవాడు. కానీ కాగితం మీద ఇంకొకటి ఉంది. అదీ చదివాను.

"నలభై రెండు. మొహమే చూడనప్పుడు అతనేనని ఎలా చెప్పగలరు?"

"మంటల వెలుగులో చొక్కా చూశాను. నీలం గళ్ల చొక్కా, భుజాల మీద ఎర్ర పట్టీ. అలాంటిది ఎక్కడా చూడలేదు. అదుగో, ఇప్పుడు కూడా అదే వేసుకున్నాడు."

హాలు గొల్లుమంది. "దొంగసొమ్ము మెళ్లో వేసుకుని కోర్టుకొచ్చాడన్నమాట" అన్నాడెవరో. రూళ్లకర్ర మాత్రం నవ్వలేదు. "వకీలు ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగింది. ఆరేళ్లు అతను జైల్లో ఉన్నాడు. జవాబు తెలియని ప్రశ్న అడగొద్దు. గెలిచాక నోరు మూసుకుని కూర్చోండి" అన్నాడు.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నిజానికి ఆ ప్రశ్న నాది కూడా కాదు. దర్జీ చీటీ పంపితే అడిగాను. నా క్లయింట్లకు నాదొక కట్టడి ఉంది: కోర్టులో నోరు తెరవొద్దు, చెప్పాల్సింది చీటీ మీద రాసి పంపండి, అది కూడా ఒక్క వాక్యం. దర్జీ అలాగే రాశాడు. 'నన్నెలా గుర్తుపట్టాడో అడగండి.' అడిగాను, మునిగాను. అప్పీలు ఇంకో వకీలుకు అప్పగించి, అతని మొహం చూడలేక తప్పించుకున్నాను. విడుదలై కొట్టు పెట్టుకున్నాడని తెలిసి అయిదేళ్లయింది. కూరగాయల బజారుకు ఆ వీధి దగ్గరైనా నేను చుట్టు తిరిగి వెళ్తాను. క్లయింటు చీటీ చూసి ప్రశ్న అడగకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

సోమవారం మేనేజరు ఇస్త్రీ మడత నలగకుండా బోనెక్కాడు. నున్నటి మనిషి. ఏది అడిగినా వెన్నలో వేలు పెట్టినట్టే, దిగబడుతుంది గానీ ఏమీ తగలదు.

"మెకానిక్ తాళం గురించి మీకు చెప్పాడు కదా?"

"లేదండీ. చెప్తే ఊరుకుంటామా? అక్కడ మా అమ్మ కూడా ఉంటుంది."

"షీటు మీకు ఖాళీగా ఇచ్చాడు కదా?"

"లేదండీ. అన్నీ నింపే ఇచ్చాడు."

గంటసేపు గోడకు తల కొట్టుకున్నాను. గోడకేం కాలేదు. జడ్జిగారు గడియారం చూశారు. గోడవారన బెంచీ మీద మెకానిక్ అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపే చూస్తోంది. తల్లీతండ్రీ లేని తమ్ముణ్ని ఆవిడే పెంచింది. ఆ చూపు భరించడం కన్నా జడ్జిగారి చూపు నయం.

అప్పుడు నా మోచేతి దగ్గరకు చీటీ వచ్చింది.

'కాగితాల మీద మరకలు ఎవరివో అడగండి.'

మరకలా? ఏ మరకలు? ల్యాప్‌టాప్‌లో ఇరవై నాలుగు నెలల సర్వీసు షీట్లూ వరసగా తెరిచాను. పాలలో కడిగినట్టు ఉన్నాయి. ఒక్క చుక్క లేదు. వెనక్కి చూస్తే మెకానిక్ అడగండి అన్నట్టు తలూపుతున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రూళ్లకర్ర మాట ఒక చెవిలో, నలభై రెండో ప్రశ్న ఇంకో చెవిలో మోగుతున్నాయి.

"ఇంకేమైనా ఉన్నాయా మేడమ్?" అన్నారు జడ్జిగారు.

లేవు అందామని నోరు తెరిచాను. తెరిస్తే వేరే మాట వచ్చింది. "ఒక విషయం నా క్లయింటును అడగాలి. భోజన విరామం తర్వాత కొనసాగించడానికి అనుమతివ్వండి."

ప్రాసిక్యూటరు నవ్వాడు. జడ్జిగారు విసుగ్గానే అరగంట ఇచ్చారు.

వరండాలోకి వెళ్లగానే మెకానిక్ మీద పడ్డాను. "మరకలేమిటయ్యా? నా ప్రాణం తియ్యడానికి రాశావా ఈ చీటీ?"

అతను బిత్తరపోయాడు. "అదేంటి మేడమ్, షీట్లన్నీ మీ దగ్గరే ఉన్నాయి కదా! మీరు చూసే ఉంటారనుకున్నా."

"ఏం చూడాలి? మొదట్నించీ చెప్పు."

"పని మొదలెట్టకముందే సంతకం పెట్టేస్తాం మేడమ్, చేతులు శుభ్రంగా ఉన్నప్పుడే. లేకపోతే సంతకం మీద గ్రీజు అంటుకుని ఆఫీసులో తిడతారు. తర్వాత లోపలికి దిగి ఒక్కొక్కటీ చూసి బయటికొచ్చి టిక్కులు పెడతాం. అప్పటికి చెయ్యంతా నల్లగా ఉంటుంది. కాగితం ఎడమ చేత్తో నొక్కిపట్టి కుడి చేత్తో టిక్కు పెడతాం కదా, ఎడమ పక్క బొటనవేలు ముద్ర పడుతుంది. ప్రతి షీటుకీ పడుతుంది."

"మరి ఆ రోజు?"

"ఆ రోజు తాళం చూడగానే పని ఆపేశాను. టిక్కులే పెట్టలేదు. సంతకం పెట్టిన ఖాళీ షీటు ఆయన చేతికే ఇచ్చి, తాళం వచ్చాక నింపుతానని చెప్పాను. ఆ షీటుకు మరక ఉండదు మేడమ్. ఉండకూడదు."

అద్దంలా తుడిచేస్తుందన్న ఆ అమ్మాయి మాట గుర్తొచ్చి నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపించింది. అసలు కాగితాలు కోర్టు బీరువాలోనే ఉన్నాయి. నకళ్లు చేతిలో ఉన్నాయి కదాని నేను ఒక్కసారి కూడా వాటిని తెరిపించలేదు. ఇరవై మూడేళ్ల అనుభవమట, ఎవరికి చెప్పుకోను!

బెంచి క్లర్కు అప్పుడే టిఫిన్ డబ్బా మూత తీశాడు. "రెండింటికి రండమ్మా" అన్నాడు. "రెండింటికి ఇతని బతుకు తెల్లారిపోతుంది. మీరు తినండి, నేను బతిమాలుతూ ఇక్కడే నిలబడతాను" అన్నాను. ముద్ద నోట్లో పెట్టుకోలేక చివరికి చెయ్యి కడుక్కుని లేచాడు. జడ్జిగారి గదికి వెళ్లి అనుమతి తెచ్చి, బీరువా తాళం తీసేసరికి ఇరవై నిమిషాలు అయిపోయాయి. కట్ట విప్పాడు.

మొదటి షీటు. ఎడమ అంచున నల్లటి బొటనవేలు. రెండోది. మూడోది. ఒక్కొక్కటీ తిప్పాను. ఇరవై మూడింటికీ ఉంది. ఇరవై నాలుగో షీటు తిప్పాను. సంతకం ఉంది, ఎనిమిది టిక్కులున్నాయి, అంచు తెల్లగా ఉంది.

రెండింటికి మేనేజరు మళ్లీ బోనెక్కాడు. నేను అసలు కాగితాలు అతని ముందు పెట్టించాను.

"ఈ నల్లటి మరక ఏమిటండీ?"

"అతని గ్రీజు చెయ్యేనండీ. ఎన్నిసార్లు చెప్పినా కాగితాలు ఇలాగే పాడుచేస్తాడు" అన్నాడు ఉత్సాహంగా.

"మీ కళ్ల ముందే టిక్కులు పెట్టేవాడా?"

"నా బల్ల మీదేనండీ. బల్లకు కూడా అంటించేవాడు."

"ప్రతిసారీ?"

"ప్రతిసారీ."

"ఇది ప్రమాదానికి మూడు రోజుల ముందు షీటు. మరక ఎక్కడుందో జడ్జిగారికి చూపించండి."

అతను కాగితం తీసుకున్నాడు. తిప్పాడు. మళ్లీ తిప్పాడు. మొదటిసారి ఆ ఇస్త్రీ మొహం నలిగింది.

టిక్కులు ఎవరు పెట్టారన్న ప్రశ్న నా నాలుక చివరే ఉంది. రూళ్లకర్ర పాఠం గుర్తొచ్చి ఆగానని చెప్పుకోవచ్చు గానీ, అబద్ధం. భయపడ్డాను. కూర్చున్నాను.

జడ్జిగారు కళ్లద్దాలు తీశారు. "మరి ఈ టిక్కులు ఎవరు పెట్టారు?"

మేనేజరు నీళ్లు అడిగాడు. తాగాడు. "ఖాళీ షీట్లు పంపొద్దని మా హెడ్డాఫీసు వాళ్లు అన్నారండీ... సంతకం ఎలాగూ ఉంది కదా అని..." అన్నాడు. ఆ తర్వాతి మాటలు వినబడలేదు. వెనక బెంచీ మీద మెకానిక్ అక్క బావురుమంది. తీర్పు శుక్రవారానికి వేశారు గానీ, ప్రాసిక్యూటరు అప్పటికే ఫైలు మూసేశాడు. మెకానిక్ నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

అతను సంతోషంతో ఏడుస్తుంటే నాకు ఇంకొక మనిషి చీటీ కళ్ల ముందు కదులుతోంది. ఇవాళ చీటీ రాగానే వెనక్కి తిరిగి, ఎందుకు రాశావని అడిగాను. ఆ రోజు దర్జీని ఆ ఒక్క మాట ఎందుకు అడగలేదు?

కోర్టు నుంచి తిన్నగా ఆ వీధికే వెళ్లాను. చిన్న కొట్టు. మిషను మీద దర్జీ, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. జుట్టంతా నెరిసింది. నన్ను చూసి మిషను తొక్కడం ఆపాడు.

"రండమ్మా" అని స్టూలు మీది బట్టలు తీశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

సంచిలోంచి శిక్షణలో ఇచ్చిన కాగితం తీసి అతని చేతికిచ్చాను. అతను వేలుపెట్టి ఒక్కో వరుసా చదివాడు. చివరిదాకా చదివి, కాగితం వెనక్కి తిప్పి చూశాడు. అక్కడేమీ లేదు.

"ఇంతేనా అమ్మా?"

"ఇంతే. ఇది వకీళ్లకు పాఠంగా చెబుతున్నారు. నేను ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగానని."

అతను తల అడ్డంగా ఊపాడు. "ఎక్కువ కాదమ్మా. ఒకటి తక్కువైంది."

నేను కాగితం మళ్లీ అందుకుని చివరి వరుస చూశాను.

"వాడు చొక్కా సంగతి వీధంతా చెప్పుకు తిరిగాడు. కోర్టులో కూడా వాడి నోటితోనే చెప్పించాలని చీటీ పంపాను. అందుకే ఆ చొక్కా వేసుకొచ్చాను, అందరూ బాగా చూడాలని. వాడు చెప్పగానే మీరు ఆ తర్వాతి ప్రశ్న అడుగుతారని చూశాను. మీరు కూర్చున్నారు. బోనులోంచి చెయ్యి ఊపాను కూడా. మీరు చూడలేదు."

"ముందే నాకెందుకు చెప్పలేదు?"

"మాట్లాడొద్దు, ఒక్క వాక్యం రాయమన్నారు కదమ్మా. ఆ చీటీలో అంతే పట్టింది. తర్వాత వచ్చిన వకీలేమో రికార్డులో లేనిది ఇప్పుడు పనికిరాదన్నాడు."

కోపం లేకుండా చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. అతను మిషను సొరుగులోంచి ఉతికిన గుడ్డముక్క తీసి ఇచ్చాడు. కళ్లు తుడుచుకుని, పదకొండేళ్ల ఆలస్యంగా, అడగాల్సింది అడిగాను.

"ఆ బట్టతో అలాంటి చొక్కా ఇంకెవరికైనా కుట్టారా?"

అతను లేచి పై అరలోంచి పాత కొలతల పుస్తకం దింపాడు. దుమ్ము దులిపి, వెతక్కుండానే పేజీ తెరిచి నా ఒళ్లో పెట్టాడు. నీలం గళ్లు, ఎర్ర పట్టీ, రెండు చొక్కాలు. ఒకటి తనకు. రెండో దాని పక్కన ఛాతీ కొలత, చేతుల పొడవు, కింద ఆ సాక్షి సొంత బావమరిది పేరు, అతని సంతకం ఉన్నాయి.