వాగు కెమెరాలో రేపటి ఉదయం

అడవిలో చెట్లకు కట్టిన కెమెరాల కార్డులు పట్టుకొచ్చి జీపు డ్రైవరు రోజూ సాయంత్రం ఆఫీసులో పడేసేవాడు. వాటిని కంప్యూటర్లో చూసి, గాలికి ఊగిన కొమ్మలన్నీ చెరిపేసి, జంతువులున్నవి మాత్రం దాచడం అక్క పని. ఆఫీసంతా ఆమెను అక్కా అనే పిలిచేది. సొంత తమ్ముడు మాత్రం ఒక్కడే, అడవి లోపలి చౌకీలో కాపలాదారు. వాగు హోరు వింటే తలనొప్పి అని, ఫొటోలతో పాటు వచ్చే వీడియోలను ఎప్పుడూ శబ్దం ఆపేసే చూసేది.

వాగు దగ్గరి కెమెరాకు తారీకు పెట్టేటప్పుడు తమ్ముడు ఒక రోజు ముందుకు పెట్టేశాడు. అది కూడా బుద్ధిగా రేపటి ఫొటోలే తీయడం మొదలెట్టింది. ఏ జంతువు ఎప్పుడు నీళ్ళకొస్తుందో ముందే తెలుస్తుంటే ఇంకేం కావాలని, ఎవరూ దాన్ని సరిచేయలేదు.

ఆ సాయంత్రం వాగు కార్డులో తమ్ముడే కనిపించాడు. రేపటి పొద్దుటి వెలుగులో ఒడ్డున నిలబడి సీసా ఎత్తి నీళ్ళు తాగుతున్నాడు. తర్వాతి ఫొటోలో వెనక పొదలోంచి చిరుత తల. ఆ తర్వాతి దాంట్లో చిరుత గాల్లో ఉంది, దాని ఒళ్ళు అడ్డమొచ్చి తమ్ముడు కనబడలేదు. ఇక అన్నీ నల్లగా, కెమెరాకు బురద కొట్టుకున్నట్టు.

అక్క డ్రైవరు దగ్గరికి పరుగెత్తింది. చౌకీకి ఫోను కలవదు. తాను వచ్చాక పట్టిన వానకు దారంతా బురద, తెల్లారితేగానీ జీపు కదలదన్నాడు డ్రైవరు.

ఆఫీసరు వచ్చి చూశాడు. "ఆ కెమెరాలో పడ్డది ఇప్పటిదాకా తప్పలేదు కదమ్మా" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"అదేమన్నా దేవుడా సార్, తప్పకపోవడానికి?" అందామె. ఆయన వెళ్ళిపోయాడు.

కనీసం వాడి గొంతైనా వినాలనిపించింది పాపం. వీడియో పెట్టి శబ్దం పెంచింది. వాగు హోరు, తమ్ముడి ఈల. చిరుత దూకబోతుండగా ఎక్కణ్ణించో ఓ ఆడగొంతు: "ఒరేయ్, కింద పడుకో!" ఆ వెంటనే తెర నల్లబడింది.

డ్రైవరు మళ్ళీ పెట్టించుకుని విన్నాడు. "అది నీ గొంతే కదక్కా."

ఇన్నేళ్ళూ చిరుతల్ని బొమ్మల్లో చూడటమే తప్ప ఆమె అడవిలో అడుగు పెట్టి ఎరుగదు. ఇంట్లో బల్లి కనబడినా హడలే. "పొద్దున్నే జీపు తియ్యి" అంది.

జీపు సగం దారిలో దిగబడింది. మిగతా దూరం ఆమె పరుగూ నడకగా వెళ్ళింది. ఆకుల సందులోంచి తమ్ముడు సీసా ఎత్తడం కనిపించింది. పొద కదిలింది. ఆమె నోరు తెరిచింది. నిన్న చెవులారా విన్న మాట ఇవాళ నోట్లోంచి రానంటోంది. చిరుత ఒళ్ళు ముడుచుకుంది.

అప్పుడొచ్చింది కేక.

చిన్నప్పట్నించీ ఆ అరుపుకి అలవాటు పడ్డవాడు, ఎందుకని అడక్కుండా బోర్లా పడ్డాడు. చిరుత వాడి మీదుగా వెళ్ళి వాగులో పడింది. కెమెరా మీదికి బురద ఎగజిమ్ముకుంటూ అవతలి గట్టెక్కిపోయింది.

వాడు మెల్లగా మోకాళ్ళ మీద లేచాడు. "నువ్వేంటక్కా ఇక్కడ?"

ఆమె వాడి చెంప ఛెళ్ళుమనిపించింది. తర్వాత ఆ బురద మొహాన్నే పొట్టకు హత్తుకుని, వాగు కంటే గట్టిగా ఏడ్చింది.