నీలం వైరు

బక్రీద్ అయి మూడు రోజులైనా సైమా చేతుల్లోంచి మాంసం వాసన పోలేదు. అత్వెల్లిలోని ఆ ఇంటి డాబా మీద, ఉప్పూ పసుపూ పట్టించిన పొడుగాటి ముక్కల్ని ఒక్కొక్కటిగా దండేనికి వేలాడదీస్తోంది. ఎండితే తునకలవుతాయి. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదీ లొట్టలేసుకుంటూ తింటారు. ఎవరు కోశారు, ఎవరు ఎండలో నిలబడి ఈగలు తోలారు అని తినేటప్పుడు ఎవరూ అడగరు. దుపట్టా కింద ఆమె చెవిలో చిన్న బ్లూటూత్ ఉంది. అందులోంచి మొగుడు ఖాలిక్ గొంతు గుసగుసగా వస్తోంది; అతని చెవిలోనూ అలాంటిదే ఉంది.

"ఆఁ, ఇగ చెప్పు. పెట్టెకు కరెంటు వెట్టిన. లైట్ వచ్చింది. తర్వాత?"

ఖాలిక్ శామీర్‌పేటలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో ఉన్నాడు. పోయిన వారం అక్కడి కంప్యూటర్లలో వైరస్ దూరితే మేనేజర్ లింగస్వామి భయపడి ఇంటర్నెట్ వైరు పీకేయించాడు. అప్పటి నుంచి బిల్లులు రావడం లేదు, సంచులకు చీటీలు రావడం లేదు, లారీలు గేటు దగ్గరే నిలబడ్డాయి. మిరుగం కార్తె వచ్చేసింది. ఒక్క వాన పడితే రైతులు విత్తనం కోసం కొట్టుకుంటారు. అందుకని ఫైర్‌వాల్ పెట్టె తెప్పించారు. బయటి నుంచి వచ్చే ప్రతిదాన్నీ గుమ్మంలోనే ఆపి, ఎవరు నువ్వు, ఏం పని అని అడిగే పెట్టె అది. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. దానికి స్క్రీన్ ఉండదు, కీబోర్డు ఉండదు. అందులోకి ఎక్కించాల్సిన సాఫ్ట్‌వేర్‌ని సైమా పొద్దున్నే, రొట్టెలు కాలుస్తూ కాలుస్తూ, పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చింది.

నాలుగేళ్లుగా ఇదే వరస. మేడ్చల్‌లో షాపు మీద బోర్డు ఖాలిక్ పేరుతో ఉంది, విజిటింగ్ కార్డు ఖాలిక్ పేరుతో ఉంది, పని మాత్రం ఈ బ్లూటూత్‌లో ఉంది. ఆమె చెబుతుంది, అతను అదే మాటను పెద్ద గొంతుతో, తన బుర్రలో పుట్టినట్టు, ఎదుటివాళ్లకు అప్పజెబుతాడు. పాలిటెక్నిక్‌లో మూడేళ్లు చదివింది సైమా. పెళ్లికి ముందు అల్వాల్‌లో ఒక షాపులో నెట్‌వర్కులు బిగించేది, నిచ్చెనలెక్కేది, స్క్రూడ్రైవర్ చెవి మీద పెట్టుకుని తిరిగేది. ఖాలిక్ ఆమెను మొదట చూసిందే అక్కడ, నిచ్చెన మీద. నిఖా అయిన వారానికి అత్త జుబేదా తేల్చేసింది: "మా ఇంటి దుల్హన్ వైర్లు వట్టుకోని నిచ్చెనలెక్కుతదా? పదిమంది కింద నిలవడి చూస్తరు." ఖాలిక్ తల్లి మాట కాదనలేదు, పెళ్లాం తెలివినీ వదులుకోలేదు. మనిషిని ఇంట్లో పెట్టి, గొంతును మాత్రం జేబులో వేసుకుని తిరిగాడు. మొదట్లో సైమాకు ఇది సరదాగానే ఉండేది. ఇద్దరం కలిసి చేస్తున్నాం అనుకునేది. పిచ్చిది.

"లాప్‌టాప్‌ల ఏం వస్తలేదు," అన్నాడు ఖాలిక్. "మొత్తం నల్లగుంది."

"ఏ వైరు వెట్టిన్రు?"

"నెట్ వైరే. బొక్క ఒక్కతీర్గనే ఉన్నది గద."

"చూస్తానికి ఒక్కతీర్గనే ఉంటది. గది నెట్ బొక్క గాదు. పెట్టెతోని మాట్లాడేటి బొక్క. దానికి నీలం వైరు ఉంటది, పొద్దుగాల బ్యాగుల నేనే వెట్టిన."

బ్యాగు బోర్లించిన చప్పుడు. "లేదు. నీలం లేదు, పచ్చ లేదు. ఏం వెట్టినవో ఏమో. జల్దీ చెప్పు, ఇంకో ఉపాయం చెప్పు."

అప్పుడే ఇంకో గొంతు వినబడింది. లింగస్వామిది అయివుంటుంది. "ఖాలిక్ భాయ్, ఎవ్వలతోని ముచ్చట పెడుతున్నవ్?"

"మా ఇంట్లామె సారూ," అని నవ్వాడు ఖాలిక్. "తునకలకు ఉప్పెంత ఎయ్యాలె అని అడుగుతాంది. ఒక్క పని సొంతంగ రాదు సారూ ఆమెకు. అన్నీ నేనే చెవుల చెప్పాలె."

"ఆడోళ్లు గంతే. మా ఇంట్ల గూడ గదే కథ."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు సూటిగా సైమా చెవిలో పడింది.

ఆమెకు అసహ్యం వేసింది. అబద్ధాలు ఆమెకు కొత్త కాదు. 'మా ఆవిడ ఇంటర్ ఫెయిలు' అని ఒకచోట, 'దానికి టీవీ పెట్టడం కూడా రాదు' అని ఇంకోచోట చెప్పాడని ఆ నోటా ఈ నోటా విన్నదే. కానీ ఆమె చేస్తున్న పనినే తిరగేసి ఆమె నెత్తిన కొట్టడం, అది కూడా ఆమె చెవిలోనే, ఇదే మొదలు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ల గురించి విన్నది గానీ, వాసాలు ఎత్తుకుపోయి ఇల్లు నాదేననేవాణ్ణి ఇప్పుడే చూస్తోంది. నాలుగేళ్లు ఆ చెవిలో మాట్లాడిన తన నోటి మీద కూడా ఆమెకు రోత పుట్టింది.

"సారూ, పెట్టెనే ఖరాబున్నది," అంటున్నాడు అవతల ఖాలిక్. "వాపస్ పంపాలె. ఎనిమిది రోజులైతది."

"ఎనిమిది రోజులా? అప్పటిదాంక రైతులు ఏం విత్తుతరయ్యా, మన్నా?"

పెట్టెకు ఏ రోగమూ లేదని సైమాకు తెలుసు. తల తిప్పితే, నీళ్ల ట్యాంకు పైపుకూ బట్టల కర్రకూ మధ్య అత్త పొద్దున కట్టిన పొట్టి దండెం కనబడింది. దాని మీద తునకలు వరసగా వేలాడుతున్నాయి. వాటి సందుల్లో నీలం రంగు.

"అమ్మీ, గీ వైరు ఏడిది?"

జుబేదా మెట్ల నీడలో కూర్చుని ఈగలు తోలుతోంది. "ఖాలిక్ బ్యాగుల ఉండె. తాడు సాలకపాయె. నున్నగున్నది, మస్తు పన్జేసింది. ఏం, బంగారందా?"

సైమా చెవిలోంచి బ్లూటూత్ తీసేసింది. అవతల ఖాలిక్ మాట మధ్యలో ఉన్నాడు. నాలుగేళ్లలో అతను చెప్పేది పూర్తికాకుండా ఆమె దాన్ని తీయడం అదే మొదటిసారి. తునకలన్నీ పళ్లెంలోకి లాగి, ముడులు విప్పి, వైరు చుట్టుకుంది.

"యా అల్లా! తునకలు పాడైతయ్. ఏడికి వోతున్నవ్ దుల్హన్?"

"శామీర్‌పేటకు. తునకలు మీరు చూస్కోండ్రి అమ్మీ. ఉప్పు సరిపోయింది."

మేడ్చల్ దాకా ఒక ఆటో, అక్కడి నుంచి ఇంకో ఆటో. దారి పొడుగునా దుపట్టా కొసతో వైరు తుడుస్తూనే ఉంది. పసుపు పోయింది, జిడ్డు పోయింది, వాసన పోలేదు. పోకపోతే పోనీ అనుకుంది.

కంపెనీ గేటు దగ్గర లారీల నీడలో డ్రైవర్లు పడుకుని ఉన్నారు. లోపల ఖాలిక్ ఫోన్‌ను అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. ఆమె చేతిలో వైరు చూడగానే మొహం వెలిగింది, వెంటనే మాడింది. చెయ్యి చాపాడు. "తెచ్చినవా? ఇటియ్యి. బయట కూసో, నేను చూస్కుంట."

సైమా ఇవ్వలేదు.

"ఎవరీమె?" అన్నాడు లింగస్వామి.

"మా ఇంట్లామె సారూ. సామాను తెచ్చింది."

"ఓహో, ఉప్పెంతని అడిగిన బిడ్డ ఈమెనేనా?"

సైమా నవ్వలేదు. బిల్లింగ్ చూసే దీప పక్కన ఖాళీ కుర్చీ ఉంటే లాక్కుని కూర్చుంది. వైరు ఒక కొస లాప్‌టాప్‌కు, ఇంకో కొస పెట్టెకు పెట్టింది. దీప ముక్కు చిట్లించి, "ఏందక్కా వాసన?" అంది. "మా ఇంటిది," అంది సైమా. స్క్రీన్ మీద మొదట పిచ్చి గీతలు వచ్చాయి. పెట్టె మాట్లాడే వేగం, లాప్‌టాప్ వినే వేగం కలవకపోతే అలాగే వస్తాయి. ఒక్క అంకె మార్చింది. తెల్లటి అక్షరాలు బిలబిలమని దిగాయి. పొద్దున ఇచ్చిన పెన్‌డ్రైవ్ అడిగి తీసుకుని, పెట్టెకు గుచ్చి సాఫ్ట్‌వేర్ ఎక్కించింది.

"సారూ, ఇప్పుడు మనం బయటి లైను ఏదో, లోపలి లైను ఏదో చెప్తున్నం దానికి," అన్నాడు ఖాలిక్ ఆమె వెనక నిలబడి. సైమా లోపలి లైనుకు నంబరిచ్చింది. "ఇప్పుడు నంబరిస్తున్నం," అన్నాడు. బయటి నుంచి లోపలికొచ్చే దారులన్నీ మూసింది. లోపలి నుంచి బయటికి పోయేవీ మూసి, బిల్లింగుకు ఒకటి, బ్యాంకుకు ఒకటి, అడిగి అడిగి తెరిచింది. "ఇవ్వి బందువెట్టినం సారూ, ఇది చాలూ చేసినం," అంటూనే ఉన్నాడు. ఆమె ఒక్కసారి వేళ్లు ఆపింది. ఖాలిక్ నోరూ ఆగింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ మొదలైంది. లింగస్వామి ఆమె వేళ్ల వంకా అతని నోటి వంకా రెండుసార్లు చూశాడు. తర్వాత ఇక వేళ్లనే చూశాడు.

పీకేసిన నెట్ వైరు మళ్లీ తగిలించగానే దీప బిల్లుల మిషన్ గర్రుమని మొదటి చీటీ కక్కింది. బయట ఎవరో డ్రైవర్‌ను లేపుతున్న కేకలు వినిపించాయి.

"మంచిగైంది," అన్నాడు లింగస్వామి. "రేపు ఏమన్న తక్లీఫైతే ఎవలికి ఫోన్ జెయ్యాలె?"

ఖాలిక్ చటుక్కున జేబులోంచి విజిటింగ్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. సైమా వైరు ఊడదీసి చుట్ట చుట్టి తన సంచిలో వేసుకుంది. అదే సంచిలోంచి తన బ్లూటూత్ తీసి ఆ కార్డు మీద పెట్టింది. దీప దగ్గర పెన్ను అడిగి, ఒక తెల్ల చీటీ మీద తన పేరూ తన నంబరూ రాసి లింగస్వామి చేతికిచ్చింది.

"నాలుగేండ్లాయె సారూ, ఈయన చెవుల చెప్పుకుంట. పొద్దుగాల గూడ చెప్పింది నేనే, ఉప్పు ముచ్చట గాదు. ఇగ నాకే జెయ్యుండ్రి."

లింగస్వామి ఖాలిక్ వైపు తిరిగి, "ఏందయ్యా, నిజమేనా?" అన్నాడు.

ఖాలిక్ నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ చెవిలోని బ్లూటూత్ మీద చెయ్యి పెట్టుకుని ఆగాడు. అందులో ఎవరూ లేరు.