మూడో అధ్యాయంలో చిన్న అక్షరాలు

...కాదు, తప్పు యంత్రానిదే. అక్షరాలను చీమల బారులా పేర్చిపెట్టి, చదవలేకపోయావేం అని మనిషిని అడిగితే ఎలా? అది యంత్రం పొగరు. పొగరు అని పరిశోధనలో రాయకూడదు కనుక మూడో అధ్యాయంలో దాన్ని ‘రూపకల్పనా లోపం’ అన్నాడు. ఆ మాట తట్టిన రోజు తనమీద తనకే ముచ్చటేసి రెండో కాఫీ తాగాడు.

ప్రభుత్వాసుపత్రి ఓపీ హాల్లో గోడవార ఇనప కుర్చీలో కూర్చుని అతను ఎదుటి టోకెన్ యంత్రాన్నే చూస్తున్నాడు. ఒకప్పుడు అక్కడ కిటికీ వెనక గుమాస్తా చీటీలు రాసేవాడు. ఇప్పుడు కిటికీ మూసేసి నిలువెత్తు తెర పెట్టారు. కావలసిన విభాగం మీద వేలితో నొక్కితే చీటీ వస్తుంది. కొందరు తెరదాకా వెళ్ళి, కాసేపు నిలబడి, ఏదీ నొక్కకుండా వచ్చేస్తారు. ఎందుకు వచ్చేస్తారన్నదే అతని పరిశోధన. దానికోసం కాలేజీలో పాఠాలు చెప్పడం మానుకుని, సెలవు పెట్టి, నలభై అయిదో ఏట మళ్ళీ విద్యార్థి అయ్యాడు. తోటి విద్యార్థులు అతన్ని ‘పెద్దాయన’ అంటారు. ప్రేమగానే అంటారు. ఆ ప్రేమే పంటికింద రాయి.

ఫోన్ మోగింది. గైడు. అతనికన్నా బాగా చిన్నది.

“సార్, మూడో అధ్యాయం చదివాను. వాదన బావుంది. కానీ మీరు మాట్లాడినవాళ్ళలో ఒక్కరూ అక్షరాల ఊసెత్తలేదేంటి?”

“మొహమాటం మేడమ్. మనిషి పైకి చెప్పే కారణం వేరు, లోపలి కారణం వేరు.”

“అంతమందికీ ఒకటే మొహమాటమా? ఇవాళ మళ్ళీ అడిగి చూడండి. అక్షరాలు కనబడట్లేదని ఒక్కరు చెప్పినా ఉంచేద్దాం. లేదంటే ఆ అధ్యాయం తీసేద్దాం సార్. ఏమనుకోకండి.”

తీసేద్దాం! ఏడాది కష్టాన్ని పాల మీద మీగడలా తీసేస్తుందట.

పక్కన చేతికి పిండికట్టు వేసుకున్న మనిషి కూర్చున్నాడు. అతన్నే అడిగాడు.

“అక్షరాలా?” కట్టు మనిషి యంత్రం వైపు చూశాడు. “గుమ్మడికాయలంత ఉన్నాయి కదండీ. ఇక్కణ్ణుంచి చదవమంటారా?”

చదివేశాడు కూడా. చర్మం, దంతాలు, ఎముకలు, అన్నీ వరసగా.

ఇలాంటి వాణ్ణి లెక్కలోకి తీసుకోకూడదు. ఆ వెనక వరసలో ఒక పెద్దావిడ ఉంది. పొద్దుట్నుంచి తెరదాకా వెళ్ళి వెళ్ళి తిరిగొస్తోంది. ఆవిడ దగ్గరికి నడిచాడు.

“అమ్మా, తెర మీద అక్షరాలు ఆనకే కదూ వచ్చేశారు?”

“నా కళ్ళకేం బాబూ? ఇప్పటికీ సూదిలో దారం నేనే ఎక్కిస్తా.”

“మరెందుకు వచ్చేశారు?”

“వెనకాల జనం. ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కానే అనుకో, ఉసూరుమంటారు. వాళ్ళ చూపులన్నీ నా మెడ మీదే ఉంటాయి. కాస్త పల్చబడనీ, వెళ్తా.”

అతను కాగితం తీసి ఆ మాటలు రాసుకున్నాడు. రాసింది సరిచూసుకోడానికి కాగితాన్ని దూరం జరిపాడు. ఇంకాస్త జరిపాడు. పెద్దావిడ శ్రద్ధగా చూసింది.

“నీ చెయ్యి ఇంకో జానెడు పొడుగుంటే బావుండేది బాబూ.”

కట్టు మనిషి పకాల్న నవ్వాడు.

“చత్వారం,” అంది ఆవిడ. “మా ఆయనా ఇంతే. పేపరు అచ్చేసేవాణ్ణి ఆడిపోసుకునేవాడు గానీ, కళ్ళజోడు పెట్టుకుంటే ఒట్టు.”

అతనూ నవ్వేశాడు. నవ్వుతూనే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నవ్వు ఆగాక ఇంట్లో బల్బులు గుర్తొచ్చాయి. వెలుతురు చాలడం లేదని హాల్లో బల్బు మారుస్తూనే ఉన్నాడు. “ఈసారి సూర్యుణ్ణే తెచ్చి వేలాడదీయండి,” అంది భార్య. మాత్రల అట్టల మీద అచ్చు నాసిరకమన్నాడు. కొత్త ఫోన్ తయారుచేసినవాణ్ణి తిట్టాడు. చివరికి ఈ హాల్లో కూర్చున్న వాళ్ళందరికీ తన కళ్ళే అరువిచ్చి, వాళ్ళ బాధ మీద అధ్యాయం రాశాడు.

లోపలి కారణం మరీ వెతకాల్సినంత లోతులో లేదు. పెద్దాయన ముక్కు మీద కళ్ళజోడు కూడా చేరితే ఇక ఆ పేరు ఊడదు. అంతే. ఇంత చిన్న కారణం అంత పెద్ద అధ్యాయం రాయించిందా అని ఆశ్చర్యపోయాడు. కొంచెం గౌరవం కూడా కలిగింది, ఆ కారణం మీద.

లేచి వరసలో నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ పక్కనుంచి చూసిన వరస లోపల్నుంచి వేరేలా ఉంది. అతని వంతు వచ్చింది. తెర నిండా గళ్ళు, గళ్ళలో తడిసిన సిరా మరకలు. రెండడుగులు వెనక్కి వేస్తే తేటపడేవేమో.

“కాలు, కాలు!” అన్నాడు వెనకున్న డ్రైవరు చొక్కా మనిషి.

“అయ్యో, చూసుకోలేదండీ.”

ముందుకు జరిగితే అక్షరాలు లేవు, వెనక్కి జరిగితే చోటు లేదు. వేలు గాల్లో ఆగింది. ఎవరో ఉసూరుమన్నారు. మెడ మీద వెచ్చగా చూపులు. పెద్దావిడ చెప్పినట్టే, సరిగ్గా అక్కడే. పక్కకు తప్పుకుని కుర్చీలోకి వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఏమీ అడగరు. ఒక అడుగు అటు వేశాడు కూడా.

మళ్ళీ ఆగి, డ్రైవరు వైపు తిరిగాడు.

“అన్నా, కళ్ళ విభాగం ఎక్కడుందో కాస్త నొక్కి పెడతారా? నాకు అక్షరాలు కనబడట్లేదు.”